మట్టిదారి బండి కొనాలా, వద్దా?



బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగువాళ్ళకు ఈ మధ్య ఒక కొత్త ఆశ పుట్టింది. మారతహళ్ళిలోనో, వైట్‌ఫీల్డులోనో, ఎలక్ట్రానిక్ సిటీలోనో వారమంతా ట్రాఫిక్కులో నలిగిపోయి, ఆదివారం తెల్లవారుజామున బండి తీసి, తారు లేని దారిలో కాసేపు తిరిగి, ఎండెక్కేలోగా ఇల్లు చేరాలని. కొండలెక్కి దూకడాలు, గాల్లో ఎగరడాలు ఏమీ అక్కర్లేదు. చెరువుకట్ట మీద, గుట్ట పక్కన బండ్లబాటలో నెమ్మదిగా పోతే చాలు. ఆ ఆశ వెంటే ప్రశ్న వస్తుంది: "అన్నా, హీరో ఎక్స్‌పల్స్ కొనాలా, రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ కొనాలా?" దానికంటే ముందు అడగవలసింది ఒకటుంది. అసలు కొనాలా?

నా అభిప్రాయం దాచుకోను. తేలికపాటి మట్టిదారులకు తేలికపాటి బండే కావాలి. అదీ నెలకు రెండు మూడుసార్లయినా మట్టి తొక్కేవాళ్ళే కొనాలి. మిగిలినవాళ్ళకు అద్దె బండి చాలు. ఎందుకంటున్నానో చెబుతాను.

డ్యూయల్ స్పోర్ట్ అని పిలిచే బండి నంబరు ప్లేటుతో తారురోడ్డు మీద దర్జాగా తిరుగుతుంది, తారు అయిపోయాక కూడా ముందుకు పోతుంది. చూడగానే తెలిసిపోతుంది. ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 18 గానీ 17 గానీ. అల్లాయ్ చక్రాలుండవు, స్పోకులుంటాయి. సీటు ఎత్తుగా, సన్నగా ఉంటుంది. ముందు మడ్‌గార్డు చాలా బళ్ళలో టైరుకు బాగా పైన ఉంటుంది. ఇదంతా సోకు కోసమని కొందరు అనుకుంటారు గానీ ప్రతిదానికీ పని ఉంది. చక్రం పెద్దదైతే రాయి ఎదురైనప్పుడు గుద్దుకుని ఆగదు, ఎక్కి దిగుతుంది. స్పోకుల చక్రం గట్టి దెబ్బ తగిలితే వంగుతుంది, అల్లాయ్ అయితే పగులుతుంది. వంగినదాన్ని ఏ ఊళ్ళోనైనా సరిచేసుకోవచ్చు, పగిలినదాన్ని మోసుకు రావాలి. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య ఎడం లేకపోతే తడిసిన మట్టి అందులో ఇరుక్కుని చక్రం బిగుసుకుపోతుంది. పల్లెల్లో పెరిగినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు.

షోరూములో ఇవే పోలికలతో, పొడుగాటి అద్దంతో మరికొన్ని బళ్ళు కనబడతాయి. సుజుకీ వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్, మన పక్కనే హోసూరులో ఉన్న టీవీఎస్ వాళ్ళ అపాచీ ఆర్‌టీఎక్స్ 300 అలాంటివి. ముందు చక్రం 19 అంగుళాలు. దూరప్రయాణానికి మంచి బళ్ళు. అవి మట్టిని ఓర్చుకుంటాయి, అంతే. మీకు కావలసింది గోవా దాకా, కన్యాకుమారి దాకా వెళ్ళిరావడమైతే ఈ ప్రసంగం ఇక్కడితో ఆపేసి వాటిలో ఒకటి కొనుక్కోవచ్చు.

అసలైన మట్టి బళ్ళకు మన దేశంలో పెద్ద చరిత్రేమీ లేదు. 2011లో హీరో కంపెనీ ఇంపల్స్ అని 150 సీసీ బండి తెచ్చింది. పొడుగు బండికి చిన్న ఇంజను. ఇష్టపడ్డవాళ్ళు చాలామందే, కొన్నవాళ్ళు తక్కువ. కొన్నేళ్ళకే దాన్ని ఆపేశారు. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ వచ్చింది, 411 సీసీతో. 2019 మే నెలలో హీరో వాళ్ళే మళ్ళీ ఎక్స్‌పల్స్ 200 తెచ్చారు. లక్ష రూపాయల చుట్టుపక్కల ధరలో 21 అంగుళాల చక్రం, 220 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్సు మధ్యతరగతి కుర్రాడి చేతికి అందింది. నా లెక్కలో మన రోడ్ల మీద మట్టి బండి నిజంగా పుట్టింది అప్పుడే. ఆ తర్వాత వరుస కట్టాయి. 2023 నవంబరులో హిమాలయన్ 450, 2024 డిసెంబరులో కవాసాకీ కేఎల్‌ఎక్స్ 230, 2025లో ఎక్స్‌పల్స్ 210, కేటీఎం 390 ఎండ్యూరో ఆర్. అయిదారేళ్ళ కిందట ఒకటో రెండో ఉన్న చోట ఇవాళ ఇన్ని ఉండేసరికి, ఎంచుకోవడమే ఒక జబ్బయిపోయింది.

బెంగళూరుకు మట్టి బళ్ళతో ఇంకొక సంబంధం కూడా ఉంది. డాకార్ ర్యాలీని పూర్తిచేసిన మొదటి భారతీయ మోటార్‌సైకిల్ పోటీదారు సి.ఎస్. సంతోష్ ఈ ఊరివాడే. 2015లో 36వ స్థానంలో నిలిచాడు. 2019లో ఎఫ్‌ఐఎం బాహా ప్రపంచకప్పులో మహిళల విభాగం గెలిచిన ఐశ్వర్య పిస్సే కూడా బెంగళూరు అమ్మాయే. సంతోష్ కోలారు వైపు బిగ్ రాక్ డర్ట్ పార్కు అని ఒక శిక్షణ స్థలం కూడా పెట్టాడు. అదే సంతోష్ 2021 జనవరిలో సౌదీ అరేబియాలో డాకార్ ర్యాలీలో పడి తలకు దెబ్బ తగిలి, వైద్యులు కొన్నాళ్ళు స్పృహ లేకుండా ఉంచవలసి వచ్చింది. భయపెట్టడానికి చెప్పడం లేదు. మట్టిలో పడటం చేతకానితనం వల్ల కాదు, మట్టి స్వభావం వల్ల. దేశంలో అందరికంటే బాగా నడిపేవాళ్ళూ పడతారు. కాబట్టి పడ్డ తర్వాత సంగతి కూడా బండి కొనేటప్పుడే ఆలోచించుకోవాలి.

ఇక్కడ బరువు మాట వస్తుంది. కొత్త హిమాలయన్ 196 కిలోలు. కేటీఎం ఎండ్యూరో 177. ఎక్స్‌పల్స్ 210 రమారమి 170, పాత 200లో ఫోర్‌వీ రకం 160 దగ్గర. కవాసాకీ 140 కిలోల దగ్గర. కాగితం మీద చూస్తే నలభై యాభై కిలోల తేడా ఏమంత పెద్దది కాదనిపిస్తుంది. కానీ తేలికపాటి దారుల్లో ఎవరూ యాభై వేగంతో పడరు. నడక వేగంలో, మలుపు తిరుగుతూ, కాలు కింద పెట్టబోతే అక్కడ నేల లేక, మెల్లగా పక్కకు ఒరిగిపోతారు. చాలాసార్లు దెబ్బ తగలదు. కానీ బండి లేపాలి. మొదటిసారి ఉత్సాహంగా లేపుతారు. రెండోసారి పళ్ళు బిగించి లేపుతారు. మూడోసారి నడుము మాట వినదు. హిమాలయన్ 40 పీఎస్ శక్తి అప్పుడు ఎవరికీ ఉపయోగపడదు. అంత పెద్ద బండిని బురద వంకలోకి దించడం పట్టుచీర కట్టుకుని నాట్లు వేయడానికి వెళ్ళడమే.

అసలు ఈ పాఠం మన ఊళ్ళు ఎప్పుడో నేర్చుకున్నాయి. ఇదే హోసూరులో 1980లో టీవీఎస్ 50 పుట్టింది. దాని సంతతి టీవీఎస్ ఎక్స్ఎల్ ఇవాళ్టికీ చిత్తూరు, అనంతపురం, కోలారు పల్లెల్లో పాలక్యాన్లు, గడ్డిమోపులు, యూరియా బస్తాలు మోస్తూ గెనాల మీద, వంకల్లో పోతూనే ఉంది. మోకాళ్ళకు కవచాలు, కాళ్ళకు బూట్లు, చేతులకు గ్లవ్సులు తొడుక్కుని మనం చెమటలు కక్కుతూ ఎక్కిన గుట్టను, హవాయి చెప్పులతో ఒక పెద్దాయన ఎక్స్ఎల్ మీద ఎక్కి, "ఏం నాయనా, బండి ట్రబులా?" అని అడిగి వెళ్ళిపోతాడు. ఆయన బండి బరువు తొంభై కిలోల లోపు. మీరు ఎక్స్ఎల్ కొనండి అనడం లేదు లెండి. ఇక్కడి దారికి ఏది కావాలో ఆ పెద్దాయనకు తెలుసంటున్నాను, అంతే.

అయితే పెద్ద బండి పక్షాన కూడా ఒక గట్టి వాదన ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. బెంగళూరులో మట్టి ఇంటి ముందు లేదు. బళ్ళారి రోడ్డులో దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం దాటి గుడిబండ, బాగేపల్లి వైపు వెళ్ళాలి. లేదంటే పాత మద్రాసు రోడ్డులో కోలారు, ముళబాగిలు దాకా. మాలూరు, బంగారుపేట మీదుగా కుప్పం వైపు. ఏ దిక్కుకు పోయినా అరవై నుంచి వంద కిలోమీటర్లు రహదారి, ఆ తర్వాత పదిహేనో ఇరవయ్యో కిలోమీటర్ల మట్టి, మళ్ళీ అదే రహదారి మీద తిరుగు ప్రయాణం. లెక్క వేస్తే మట్టి బండి చేసే ప్రయాణంలో దాదాపు తొంభై శాతం తారు మీదే. పాత ఎక్స్‌పల్స్ ఎనభై ఎనభై అయిదు వేగంలో హాయిగా ఉంటుంది, ఆపైన ఇంజను గోలపెడుతుంది, హ్యాండిల్ వణుకుతుంది. వెనకనుంచి వోల్వో బస్సు హారను. హిమాలయన్ వాడు వందలో పాటలు వింటూ పోతాడు. లిక్విడ్ కూలింగుతో వచ్చిన ఎక్స్‌పల్స్ 210 ఈ బాధను చాలావరకు తగ్గించింది, 24 పీఎస్ పైన శక్తి ఉంది కాబట్టి. నా తూకం చిన్న బండి వైపు మొగ్గడానికి అదొక కారణం. ఇంకో మాట, మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన మార్గం మీద 2023 ఆగస్టు 1 నుంచి మోటార్‌సైకిళ్ళను రానివ్వడం లేదు. రామనగరం వైపు వెళ్ళాలంటే ఎంత పెద్ద బండైనా పక్కన సర్వీసు రోడ్డులోనే.

ఎత్తు గురించి ఒక్క మాట. పాత ఎక్స్‌పల్స్ సీటు 825 మిల్లీమీటర్లు. మన అయిదున్నర అడుగుల మనుషులకు రెండు కాళ్ళ మునివేళ్ళు ఆనుతాయి. కేటీఎం 860. ఎక్స్‌పల్స్ 200 ప్రో అని పోటీలకు తగ్గట్టు తెచ్చినదాని సీటైతే 891, ఆరడుగులవాళ్ళు తప్ప దాని జోలికి పోకండి. షోరూములో చదునైన నేల మీద కూర్చుని చూస్తే సరిపోదు. బయట పక్కకు వాలుగా ఉన్న చోట, కుడికాలు బ్రేకు మీద ఉంచి, పల్లం వైపు ఎడమకాలు అందుతుందేమో చూసుకోండి. సేల్స్ కుర్రాడు నవ్వితే నవ్వనివ్వండి.

డబ్బు సంగతి కూడా చూద్దాం. ఎక్స్‌పల్స్ 210 విడుదలైనప్పుడు షోరూము ధర 1.76 లక్షల నుంచి మొదలైంది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. 350 సీసీ లోపు బళ్ళకు 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 350 దాటినవాటికి సెస్సుతో కలిపి 31 ఉన్నది 40 శాతమైంది. అంటే ప్రభుత్వమే చిన్న బండి వైపు కాస్త నెట్టింది. అయినా కర్ణాటకలో లక్ష రూపాయలు దాటిన ద్విచక్ర వాహనానికి జీవితకాలపు పన్ను ధరలో 18 శాతం, ఆ పన్ను మీద మళ్ళీ సెస్సు. ఆన్‌రోడ్ ధర చూసి గుండెలు బాదుకుని, "మా హిందూపురంలో మామయ్య పేరు మీద కొంటా, ఏపీ నంబరుతో ఇక్కడ తిప్పుకుంటా" అనేవాళ్ళు మనలో చాలామంది. ఒక రాష్ట్రంలో రిజిస్టరయిన బండి ఇంకో రాష్ట్రంలో ఏడాదికి మించి ఉంటే అక్కడ మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించాలి, పన్ను కట్టాలి. ఏపీ నంబరు కనబడితే ఆపి కాగితాలు అడగడం బెంగళూరులో తెలియనివాళ్ళు లేరు. ఆ ఆదా ఆదా కాదు.

దీనికి బూట్లు, మోకాలి కవచాలు, జాకెట్టు, గ్లవ్సులు, మంచి హెల్మెట్టు కలపండి. ముప్ఫై నలభై వేలు తేలిగ్గా అవుతుంది. చాలామంది బండికి లగేజీ స్టాండ్లు, ఫాగ్‌లైట్లు బిగించి, కాళ్ళకు ఆఫీసు బూట్లతో వస్తారు. నెమ్మదిగా పడ్డప్పుడు బండి వచ్చి పడేది చీలమండ మీదే. డబ్బు తక్కువైతే బండి మీద తగ్గించండి, బూట్ల మీద వద్దు. రెండేళ్ళు వాడిన ఎక్స్‌పల్స్ బళ్ళు బెంగళూరులో కావలసినన్ని దొరుకుతాయి. ఆశగా కొని, నాలుగుసార్లు తిరిగి, అపార్ట్‌మెంటు సెల్లారులో దుమ్ము పట్టించినవాళ్ళు అమ్ముకునేవి. కొనేటప్పుడు ముందు చక్రం తిప్పి వంకర ఉందేమో, ఫోర్కుల సీళ్ళ దగ్గర నూనె కారుతోందేమో, ఇంజను కింది రేకు ఎంత సొట్టపోయిందో చూడండి. రేకు మీద గీతలుంటే తప్పు కాదు, అది పని చేసిందని అర్థం. ఇంజను కేసు మీద ఉంటే మాత్రం వదిలేయండి.

ఇల్లు దాటాక ఇంకో తలనొప్పి పంక్చరు. స్పోకుల చక్రాల్లో ఎక్కువగా ట్యూబులే. హిమాలయన్ 450కి 2024 నుంచి ట్యూబ్‌లెస్ స్పోకు చక్రాలు వచ్చాయి గానీ చిన్న బళ్ళకు ట్యూబే గతి. గోరంట్ల దారిలో ఒక పంక్చరు షాపు అతను నాతో అన్నాడు: "వెనక చక్రమైతే ఇప్పుడే ఏసిస్తాన్నా. ముందుదానికి ట్యూబు ఈడ యాడ దొరుకుతుంది? హిందూపురం పోవాల్సిందే." అందుకే 21 అంగుళాల ట్యూబు ఒకటి, టైరు లివర్లు, కాలితో కొట్టే పంపు వెంట ఉంచుకోవాలి. అవసరమైతే ఆ ముందు ట్యూబునే వెనక టైరులో ఇరికించి ఇల్లు చేరవచ్చు. పంపు ఇంకొకందుకు కూడా కావాలి. మట్టిలోకి దిగేముందు టైరులో గాలి ఇరవై, ఇరవై రెండు పీఎస్‌ఐకి దించితే బండి నేలను పట్టుకుంటుంది. రహదారి ఎక్కేముందు మళ్ళీ నింపాలి. ఇంతకుమించి తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ము మధ్య నలిగి చిరుగుతుంది.

ఇంతకీ తొక్కబోయే ఆ మట్టి ఎవరిది? ఈ ప్రశ్న బండి కంటే పెద్దదని నేననుకుంటాను.

బెంగళూరుకు వాయవ్యంగా హెసరఘట్ట ఉంది. 1890లలో నగరానికి మొదటిసారి కొళాయి నీళ్ళు అక్కడి చెరువు నుంచే వచ్చాయి. పక్కన విశాలమైన గడ్డినేల. దగ్గర, చదును, గేటు లేదు. దాంతో ఏళ్ళ తరబడి బళ్ళవాళ్ళు, జీపులవాళ్ళు అక్కడ చక్కర్లు కొట్టారు. చూసేవాళ్ళకు బీడు. కానీ నేలమీదే గూడు కట్టుకునే పిట్టలకు, చలికాలంలో వలస వచ్చే గద్దజాతి పక్షులకు అదే ఇల్లు. టైరు గీసిన చాలు వానలో కాలువవుతుంది, గడ్డి మళ్ళీ పట్టదు. 2024 అక్టోబరులో కర్ణాటక వన్యప్రాణి మండలి అక్కడి 5,678 ఎకరాలను సంరక్షణ క్షేత్రం చేయడానికి ఆమోదం తెలిపింది. ఆ గడ్డి మీదికి బండి తీసుకుపోవద్దు. రామనగరంలో రామదేవర బెట్ట రాబందుల అభయారణ్యం, పలమనేరు కుప్పం మధ్య ఏనుగులు తిరిగే కౌండిన్య అభయారణ్యం, ఇవీ అంతే. అనుమతి లేకుండా అభయారణ్యంలోకి వెళితే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతుంది. కోలార్ గోల్డ్ ఫీల్డ్సులో సైనైడు దిబ్బలున్నాయి, కేజీఎఫ్ సినిమాలో చూసే ఉంటారు. 2001లో గనులు మూతపడ్డాక మిగిలిపోయిన గని మట్టి అది. దాని దుమ్ము పీల్చడానికి పనిగట్టుకుని వెళ్ళడం ఎందుకో నాకు అర్థం కాదు.

మిగిలేవి ఊరికీ ఊరికీ మధ్య ఉన్న దారులు. అవే చాలు, అవే బాగుంటాయి కూడా. నీలగిరి తోపుల పక్కన, మామిడి తోటల వెంట ఎర్రమట్టి దారులు. గుడిబండ చెరువు చుట్టుపక్కల, లేపాక్షి నుంచి లోపలికి, ముళబాగిలు గుట్టల మధ్య. బండి ఆపి అడిగితే కన్నడం తడుముకోనక్కర్లేదు, బాగేపల్లి వైపు చాలామంది తెలుగే మాట్లాడతారు. పొలం గెనాలు ఎక్కకండి. దారికి అడ్డంగా డ్రిప్పు పైపులుంటాయి, దిగి చూసుకుని దాటండి. కొత్తగా కట్టిన తీగ కంచె పొద్దున వెలుతురులో కనబడదు, మెడకు తగిలేంత ఎత్తులో ఉంటుంది. పంట ఇంటికొచ్చే రోజుల్లో రాగి, ఉలవ కట్టెలు రోడ్డు మీద పరిచి ఉంటే పక్కనుంచి మెల్లగా పోండి. ఆ గడ్డి టైరును జారుస్తుంది, గొలుసుకు చుట్టుకుంటుంది. ఎంత మంచి టైర్లున్నా వాన పడ్డ మర్నాడు ఎర్రమట్టి వాలు ఎవరి మాటా వినదు. ఒంటరిగా మాత్రం ఎప్పుడూ వెళ్ళవద్దు.

మరి తీర్పు. ఇంట్లో ఒకటే బండి ఉండి, దాని మీదే భార్యాపిల్లలతో బజారుకు వెళ్ళాలంటే ఈ ఎత్తు సీటు బండి వద్దు. ఉన్న పల్సరుకో యూనికార్నుకో కాస్త గళ్ళున్న టైర్లు వేయించుకుని పల్లె దారుల్లో తిరగండి, సగం సరదా దానితోనే తీరుతుంది. లడఖ్ మీద మనసుంటే హిమాలయన్ కొనుక్కోండి, దాన్ని మట్టిదారి బండి అని పిలవకండి. రెండో బండికి చోటూ డబ్బూ ఉండి, తోడు వచ్చే స్నేహితులుండి, మట్టిని నిజంగా ఇష్టపడేవాళ్ళకు మాత్రం 200 సీసీ తరగతి బండి, వీలైతే వాడినది.

మీరు ఏ తరగతో మీకే ఇంకా తెలియకపోతే, వానలు పడేలోగా ఒక ఆదివారం ఎక్స్‌పల్స్ అద్దెకు తీసుకోండి. నల్ల ప్లేటు మీద పసుపు అంకెలున్న బళ్ళు ఈ ఊరినిండా ఉన్నాయి. మట్టిలో దెబ్బ తింటే ఖర్చు ఎవరిదో ముందే అడిగి రాయించుకోండి. గుడిబండ దాకా వెళ్ళి, ఎక్కడైనా గడ్డి మీద దాన్ని మెల్లగా పడుకోబెట్టి ఒక్కరే లేపి చూడండి. లేపాక కూడా కొనాలనే అనిపిస్తే కొనండి.